ఓఎస్‌పీఎఫ్ పెట్టబోతున్న మా మేనకోడలికి

చిన్నీ,

శనివారం రాత్రి మీ కంపెనీ రౌటర్లన్నీ చేత్తో రాసిపెట్టే స్టాటిక్ రూట్ల నుంచి, రౌటర్లే మాట్లాడుకుని దారులు కనుక్కునే ఓఎస్‌పీఎఫ్‌కి మారుస్తున్నావంట. మీ అమ్మ చెబితే తెలిసింది. తల నెరిసేదాకా ఆ పెట్టెల ముందే కూర్చున్న మామ ఉండగా, ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదా? సంతోషమేలే. మన ఇంట్లో ఈ పని చేయబోయే రెండో మనిషివి నువ్వు. కానీ నెల్లూరులో కూర్చుని కావలి, గూడూరు, ముత్తుకూరు రౌటర్లు మారుస్తావని విన్నప్పటి నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది.

నాలుగే రౌటర్లు కాబట్టి అన్నీ ఏరియా 0లోనే, అంటే ఒకే గుంపులో ఉంచు. రౌటర్ ఐడీ, అంటే దాని గుర్తింపు నంబరు, నువ్వే ఇయ్యి. హలో (నేనున్నానని చెప్పే పలకరింపు) 10 సెకన్లు, డెడ్ (పలకరింపు రాకపోతే అవతలిది పోయిందనుకునే గడువు) 40 సెకన్లు, రెండు వైపులా ఒకటే ఉండాలి. ఆఫీసు కంప్యూటర్లు ఉండే వైపు హలోలు పోకుండా పాసివ్ పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరే. మా ఆఫీసులో ఒకాయన ఉండేవాడు, మహా తెలివైనవాడు, తొందర మనిషి. ఉదయగిరి బ్రాంచి రౌటర్‌లో నెల్లూరు నుంచే ఓఎస్‌పీఎఫ్ పెట్టాడు. నైబర్ లిస్టులో, అంటే పలకరించిన పక్క రౌటర్ల జాబితాలో, అవతలి పేరు కనబడగానే పని అయిపోయిందనుకున్నాడు. పక్కన స్టేట్ ఏముందో చూడలేదు. అది ఎక్స్‌స్టార్ట్‌లో, అంటే వివరాలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలయ్యే మెట్టు దగ్గరే ఆగిపోయి ఉంది. పెళ్లిచూపులకు వచ్చినంత మాత్రాన పెళ్లి అయినట్టా? ఫుల్ అని కనబడేదాకా ఒక్క రూటూ రాదు. ఆ లింకులో ఒకవైపు ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చో ఆ హద్దు) 1500 బైట్లు, ఇంకోవైపు 1400. హలోలు చిన్న ప్యాకెట్లు, హాయిగా వెళ్లిపోతాయి. ఆ తర్వాత నెట్‌వర్క్ పటం లాంటి డేటాబేస్ గురించి చెప్పుకునేటప్పుడు ఎంటీయూ కుదరక పేచీ వస్తుంది. అందుకే నైబర్ ఉన్నట్టే ఉంటుంది, పని జరగదు.

ఆయన సాయంత్రం నోట్‌ప్యాడ్‌లో కమాండ్లన్నీ వరసగా రాసుకుని ఒకేసారి పేస్ట్ కొట్టాడు. అందులో స్టాటిక్ రూట్ తీసేయడం ఉంది, చివర సేవ్ కూడా ఉంది! పాత దారి పోయింది, ఓఎస్‌పీఎఫ్ దారి రాలేదు, స్క్రీన్ అక్కడే బిగుసుకుపోయింది. అవతలి వాచ్‌మన్‌తో రౌటర్ ఆపి ఆన్ చేయించాం. ఏం లాభం, తప్పు కాన్ఫిగరేషనే సేవ్ అయి కూర్చుంది. ఆ రాత్రి జీపులో బుచ్చి, సంగం దాటి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లాం. దారంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. పాపం, తెల్లారి బ్రాంచి మేనేజరు అందరి ముందూ ఆయన్ని తిట్టిన తిట్లు నాకు ఇంకా గుర్తే.

నువ్వు ఆడపిల్లవని అనడం లేదు, కోప్పడకు. కానీ అర్ధరాత్రి హైవే మీద లారీల మధ్య నువ్వు ఒక్కదానివే స్కూటీ మీద కావలి వెళ్తావేమోనని నా గుండె దడ.

కాబట్టి ఇట్టా చెయ్యి. మీవి సిస్కో రౌటర్లే కదా, ఏదన్నా మార్చే ముందు "రీలోడ్ ఇన్ 10" కొట్టు. సేవ్ చేయమంటావా అని అడిగితే నో అను. చేయి జారినా పది నిమిషాల్లో రౌటర్ తనంతట తానే రీస్టార్ట్ అయి పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్" కొట్టి, అప్పుడు సేవ్ చెయ్యి. క్యాన్సిల్ మాత్రం మరిచిపోకు తల్లీ.

స్టాటిక్ రూట్లు అసలు తీయకు. వాటి డిస్టెన్స్ (ఇది తక్కువున్న రూటుకే మొగ్గు) 200 చెయ్యి చాలు. ఓఎస్‌పీఎఫ్‌ది 110 కాబట్టి అదే గెలుస్తుంది, అది పడిపోతే పాత రూట్ లేస్తుంది. నెల రోజులు చూసి తీసేద్దాం, తొందరేముంది?

ఇంకోటి. లింకు కాస్ట్ (ఇది తక్కువున్న దారినే ఎంచుకుంటుంది) లెక్కకట్టే రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ మామూలుగా 100 ఎంబీపీఎస్ ఉంటుంది. దాంతో 100 ఎంబీ లింకుకీ, గిగాబిట్ లింకుకీ కాస్ట్ 1 అనే చూపిస్తుంది. నాలుగు రౌటర్లలోనూ ఒకేలా పెంచు. ఒకదాంట్లో మరిచావంటే దారులు తికమక.

ముందు ముత్తుకూరు మార్చు, అది దగ్గర. ఫుల్ చూసి, పింగ్ చూసి, అప్పుడు గూడూరు. కావలి చివర్లో. అన్నం తిని మొదలుపెట్టు, ఖాళీ కడుపుతో నీకు చిరాకెక్కువ. నాలుగు రౌటర్ల రన్నింగ్ కాన్ఫిగ్ కాపీలు శుక్రవారానికి నాకు పంపు, పాస్‌వర్డ్‌లు తీసేసి. ఎంటీయూలు నేనూ ఒకసారి చూస్తా.

మీ మామ