ఆ పేర్ల చిక్కు ఇలా విప్పుకోండి

దొస్తొయెవ్‌స్కీ రష్యన్ నవల ‘నేరము – శిక్ష’ వంద పేజీలు చదివి, ఎవరు ఎవరో తెలియక పక్కన పెట్టేశానన్నారు కదండీ. దయచేసి మళ్ళీ తెరవండి.

రష్యన్ పేరుకి మూడు ముక్కలు: సొంత పేరు, తండ్రి పేరు మీద వచ్చేది, ఇంటిపేరు. కథానాయకుడు రోదియన్ రొమానొవిచ్ రస్కోల్నికొవ్‌నే తల్లి ‘రోద్యా’ అంటుంది. అవ్‌దోత్య రొమానొవ్నా అతని చెల్లెలే, ముద్దుగా దూన్యా. రొమానొవిచ్, రొమానొవ్నా అంటే ఇద్దరి తండ్రీ రొమాన్ అన్నమాట! అట్ట లోపల పెన్సిల్‌తో ఒక్కొక్కరి పేర్లన్నీ ఒకే వరుసలో రాసుకోండి. నాకు పదిహేను వరుసలు సరిపోయాయి.

నేను పోయిన నెలే ముగించాను. ఉపసంహారం తొందరగా చుట్టేసినట్టుంది, రస్కోల్నికొవ్‌లో వచ్చిన మార్పు నన్ను ఒప్పించలేదు. కానీ తాగుబోతు గుమాస్తా మార్మెలాదొవ్ గదిలోని కొవ్వొత్తి ముక్క వెలుగు ఇంకా కళ్ళముందే ఉంది. మూడో భాగం దాకా ఓపిక పట్టండి, అక్కడ దర్యాప్తు అధికారి పోర్ఫిరీ ప్రశ్నలు మొదలవుతాయి. ఇక పుస్తకం కింద పెట్టలేరు.