‘వాపు గోలీ వేస్తే తగ్గదా?’ అని అడిగిన బిడ్డను ఏం చదివించాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మకు 74 ఏళ్లు. మూడేళ్ల నుంచి మతిమరుపు బాగా ఎక్కువైంది. వరంగల్‌లో చూపిస్తే అల్జీమర్స్ అన్నారు. పొద్దుగూకగానే గడపలో నిలబడి ‘బర్రెలు ఇంటికొచ్చినయా?’ అని అడుగుతుంది. బర్రెలు అమ్మి పన్నెండేళ్లయింది. నా బిడ్డ ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్ వద్దంటోంది. మెదడులో వాపు వల్ల నాయనమ్మకు ఇట్ల అయిందని ఎక్కడో చదివిందట, దాని మీదే చదువుకుంటానంటోంది. ‘వాపే అయితే వాపు గోలీ వేస్తే తగ్గదా?’ అని డాక్టర్‌నే అడిగింది. ఈ చదువుకు బతుకుదెరువు ఉంటుందా సార్?

జవాబు: కోర్సుల సంగతి తర్వాత చెప్తాను. ముందు మీ బిడ్డ అడిగిన ప్రశ్న గురించి మాట్లాడాలి. దాన్ని చిన్నపిల్ల మాటగా తీసేయకండి. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా సరిగ్గా ఇదే అడిగారు. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి వాపు మందులు వాడినవాళ్లలో అల్జీమర్స్ తక్కువగా ఉన్నట్టు 1990ల్లో గమనించారు. అయితే ముందే ఆ గోలీలు వేస్తే జబ్బు రాకుండా ఆపవచ్చా అని తేల్చడానికి అమెరికాలో 2001లో అడాప్ట్ అనే పరీక్ష మొదలుపెట్టారు. ఇంట్లో ఈ జబ్బు చూసిన, 70 ఏళ్లు దాటిన రెండున్నర వేల మందిలో కొందరికి నాప్రోక్సెన్, కొందరికి సెలెకాక్సిబ్, మిగతావాళ్లకు మందు లేని ఉత్త గోలీ ఇచ్చారు. గుండెకు ముప్పు ఉందేమోనన్న భయంతో 2004 డిసెంబర్‌లో ఆ గోలీలు ఆపేశారు. జబ్బును అవి అడ్డుకున్నట్టు తేలలేదు. కాబట్టి మెడికల్ షాపులో దొరికే ఇలాంటి వాపు, నొప్పి గోలీలు అమ్మకు ఇంట్లో వేయకండి. ఆ వయసులో కడుపుకు, కిడ్నీలకు చేటు.

మరి వాపు ఉన్నమాట అబద్ధమా? కాదు. మన దగ్గర మెదడువాపు అంటే పిల్లలకు జ్వరం, ఫిట్స్‌తో వచ్చే జబ్బే గుర్తొస్తుంది. అది గడ్డివాము అంటుకున్నట్టు భగ్గుమంటుంది. అల్జీమర్స్‌లో వాపు పిడకల దాలి లాంటిది. పైకి మంట కనబడదు, లోపల ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. ఆ దాలిని రాజేసేవి మెదడులోనే ఉండే గ్లియా కణాలు. గ్లియా అంటే జిగురు అని అర్థం. నరాల కణాలను అతికించి ఉంచే జిగురేనని 19వ శతాబ్దంలో విర్కోవ్ వాటికి ఆ పేరు పెట్టాడు. చాలాకాలం వాటిని ఎవరూ పట్టించుకోలేదు. 1906లో ఆల్జీమర్ ఈ జబ్బును మొదటిసారి వివరించినప్పుడే మెదడులో గ్లియా కణాలు మారిపోయి ఉన్నాయని చూశాడు. అయినా అందరి కళ్లూ మెదడులో పేరుకుపోయే రెండు ప్రొటీన్ల మీదే, అంటే అమిలాయిడ్ గడ్డల మీద, టావ్ చిక్కుల మీదే నిలిచాయి.

గ్లియాలో మైక్రోగ్లియా అని ఒక రకం ఉంది. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఒర్తేగా వాటిని విడిగా గుర్తించాడు. సాలీడు కాళ్లలాంటి సన్నని కొమ్మలను ఆడిస్తూ అవి మెదడును నిరంతరం తడిమి చూస్తుంటాయి. చచ్చిన కణం కనబడితే మింగేస్తాయి. జొన్నచేనులో మంచె ఎక్కి ఒడిసెల తిప్పే కావలివాడిని తలచుకోండి. పిట్టలు వాలితే రాయి విసురుతాడు. పిట్టలు ఎంతకీ పోకపోతే ఆగకుండా విసురుతూనే ఉంటాడు, ఆ రాళ్లకు కంకులూ రాలతాయి. అమిలాయిడ్ పేరుకున్న మెదడులో జరుగుతున్నది దాదాపు ఇదే. నరాల కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సంధులను, అంటే సినాప్సులను, మైక్రోగ్లియా జబ్బు తొలిదశలోనే మింగేస్తున్నాయని 2016లో బెత్ స్టీవెన్స్ బృందం ఎలుకల్లో చూపించింది. నరాలకు తిండి అందించే ఆస్ట్రోసైట్లు అనే మరో గ్లియా రకాన్ని కూడా ఈ రెచ్చిపోయిన కావలివాళ్లు చెడగొడతారు.

అయితే కావలివాణ్ని మంచె దింపేస్తే సరిపోతుందా? అక్కడే ఉంది చిక్కు. 2013లో ట్రెమ్2 అనే జన్యువు సంగతి బయటపడింది. అందులో ఒక మార్పు ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లు. ఆ మార్పు మైక్రోగ్లియాను రెచ్చగొట్టదు, మందగింపజేస్తుంది. అమిలాయిడ్ గడ్డను చుట్టుముట్టి కట్టడి చేయడం వాటికి చేతకాదు. అంటే కావలి నిద్రపోయినా నష్టమే, పూనకం వచ్చినట్టు ఊగినా నష్టమే. సరే, ట్రెమ్2నే తట్టి లేపుదామని తయారుచేసిన ఒక యాంటీబాడీ మందు 2024 చివర్లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో జబ్బు వేగాన్ని తగ్గించలేకపోయింది. ఎప్పుడు అణచాలి, ఎప్పుడు లేపాలి, ఎవరిలో అన్నది ఇంకా తేలలేదు. మీ బిడ్డ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. అందుకే ఆమె ఈ దారి పడతానంటే నాకు సంతోషంగా ఉంది. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు, ఉందని అంచనా. ఈ పనికి మనుషులు కావాలి.

ఇక మీ భయం. గ్లియా మీద పనిచేయాలంటే ఎంబీబీఎస్ తప్పనిసరి కాదు. ల్యాబుల్లో ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది జువాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ చదివి పీహెచ్‌డీ చేసినవాళ్లే. వద్దంటున్న పిల్లను హాస్టల్‌లో పెట్టి లాంగ్ టర్మ్ చదివించడాన్ని నేను ఒప్పుకోను. హన్మకొండలో నా ముందు కూర్చుని, రెండోసారీ రాలేదని చెప్పలేక వేళ్లు నలుపుకుంటూ ఉండిపోయిన పిల్లలను చూశాను.

నా మొదటి ఓటు ఐసర్‌కు, అంటే సైన్స్ చదువు, పరిశోధన కోసం కేంద్రం పెట్టిన సంస్థకు. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదువు, మనకు దగ్గరలో తిరుపతిలో ఉంది. బైపీసీవాళ్లూ ప్రవేశపరీక్ష ఐఏటీ రాయవచ్చు. కానీ 60 ప్రశ్నల్లో 15 లెక్కలవే. పాప ఇంటర్‌లో లెక్కలు వదిలేసింది కాబట్టి ఇప్పుడు మళ్లీ పట్టుకోవాలి. అది కుదరకపోతే దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ద్వారా హన్మకొండలోనే డిగ్రీలో చేర్పించండి. పింగిళి మహిళా కాలేజీ గానీ, ప్రాక్టికల్స్ నిజంగా చేయించే మరో కాలేజీ గానీ చాలు. చేర్చే ముందు ల్యాబ్‌లోకి వెళ్లి మైక్రోస్కోపుల మీద దుమ్ము ఉందో లేదో మీ కళ్లతో చూడండి. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీకి సీపీగెట్, సీయూఈటీ, గ్యాట్-బి, జామ్ పరీక్షలు ఉన్నాయి. ఆ పైన పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. పరిశోధన చేయడానికి హైదరాబాద్‌లో సీసీఎంబీ, బెంగళూరులో నిమ్హాన్స్, ఐఐఎస్‌సీ, మనేసర్‌లో నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఉన్నాయి. ఆ మనేసర్‌లో, నేను పైన చెప్పిన మెదడువాపు వైరస్‌కు మైక్రోగ్లియా ఎలా స్పందిస్తాయో ఏళ్లుగా పరిశోధిస్తున్నారు.

ఇంట్లో ఖర్చుల లెక్క కూడా చూడాలి కదా. డిగ్రీ మూడేళ్లు, ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, అంటే పదేళ్ల పైమాటే. కానీ ఆ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, వస్తే పీహెచ్‌డీకి మీరు డబ్బు కట్టనక్కర్లేదు. 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఇస్తున్నారు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ అయ్యాక పర్మనెంట్ ఉద్యోగం వెంటనే దొరకడం కష్టం, అది మీ దగ్గర దాచను. మధ్యలో ఇంటి పరిస్థితి మారి త్వరగా సంపాదించాల్సి వస్తుందనుకుంటే ఈఏపీసెట్ రాసి బీఫార్మసీలో చేరడం మంచిది. కాకతీయ యూనివర్సిటీలో పాత, మంచి ఫార్మసీ కాలేజీ ఉంది. నాలుగేళ్లకు హైదరాబాద్ కంపెనీల్లో ఉద్యోగం చూసుకోవచ్చు, కావాలంటే నైపర్ (ఫార్మసీ పై చదువుల కేంద్ర సంస్థ) మీదుగా మళ్లీ పరిశోధనకూ రావచ్చు. పెళ్లి సంగతి మీరు రాయలేదు కానీ మీ మనసులో ఉండే ఉంటుంది. పాతికేళ్లలోపు చేసేయాలన్న గట్టి పట్టు ఉంటే ఆ మాట పాపతో ఇప్పుడే చెప్పండి. ఎమ్మెస్సీ మధ్యలో చెప్పకండి.

ఈలోగా ఇంట్లోనే ఒక పని మొదలుపెట్టించండి. పాపకు ఒక నోటుబుక్ కొనివ్వండి. నాయనమ్మ బర్రెల కోసం ఏ తేదీన, ఏ వేళకు గడపలోకి వచ్చింది, ఆ రోజు నిద్రపోయిందా, అన్నం తిన్నదా, కొత్త గోలీ ఏదైనా మొదలైందా, ఏం చెప్తే నెమ్మదించింది అన్నీ రాయమనండి. ‘బర్రెలు ఎప్పుడో అమ్మినం కదా’ అని వాదించకుండా, ‘వచ్చినయ్ నాయనమ్మా, కట్టేసినం’ అంటే ఎలా ఉందో కూడా రాయాలి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి. రెండు నెలల తర్వాత దాన్ని నాకూ చూపించమనండి. ఐఏటీనా, డిగ్రీనా అన్నది అప్పుడు ముగ్గురం కూర్చుని తేల్చుకుందాం.