ఫ్లష్ కొడితే ఫ్లోర్ ట్రాప్ గుడగుడమంటోందా? ముందు వెంట్ పైపు చూడండి

కమోడ్ ఫ్లష్ కొట్టినప్పుడల్లా ఫ్లోర్ ట్రాప్ (బాత్రూమ్ నేలలో జాలీ కింద, వాసన రాకుండా కొన్ని నీళ్లు ఆగే వంపు) గుడగుడమని, కాసేపటికి వాసనొస్తోందన్నారు కదండీ, చాలావరకు అది ట్రాప్ తప్పు కాదు, డ్రైనేజీ లైన్లోకి గాలి అందట్లేదు. నీళ్లన్నీ ఒక్కసారిగా కిందికి దూకేటప్పుడు వెనకాల వాక్యూమ్ వచ్చి ట్రాప్‌లో ఆగాల్సిన 50 మిల్లీమీటర్ల నీళ్లని లాగేస్తుంది, ఇక డ్రైనేజీ గ్యాస్‌కి అడ్డేముంది. టార్చ్ వేసి ట్రాప్‌లోకి చూస్తూ ఇంకొకళ్లతో ఫ్లష్ కొట్టించండి, మట్టం దిగిపోయిందంటే ఇదే సంగతి.

టైల్స్ వేయకముందే అడిగారు, నయం. లైన్లోకి గాలి అందించే వెంట్ పైపుని అడ్డంగా పోయే డ్రైనేజీ లైన్ పక్క నుంచి కాదు, పైభాగం నుంచి తీయించండి, పక్క నుంచి తీస్తే మురికి చేరి మెల్లగా పూడుకుపోతుంది, ఇంకా వాష్ బేసిన్ అంచు దాటి ఓ 150 మిల్లీమీటర్లు పైకెళ్లేదాకా దాన్ని అడ్డంగా తిప్పనివ్వొద్దు. చివర డాబా పైన, కిటికీలకి దూరంగా, కౌల్ (పైపు మూతికి పెట్టే, గాలి ఆడే టోపీ) పెట్టి వదలాలి.

ఇంతెందుకు, ఎయిర్ వాల్వ్ పెట్టేద్దాం అని ప్లంబర్ అంటాడు చూడండి, అది గాలిని లోపలికి తీసుకుంటుందే గానీ బయటికి వదలదు, కాబట్టి కనీసం ఒక్క వెంట్ పైపన్నా పైన తెరిచే ఉండాలి. వాల్వ్ పెట్టినా గోడలో పూడ్చేయనివ్వకండి, పాడైతే మార్చాలిగా.