బ్యాటరీ మార్చే ముందు చార్జర్ చూశారా?

ప్రశ్న: మా ఇంటి ఆటోమేటిక్ జనరేటర్ డిస్‌ప్లేలో కొన్నాళ్లుగా ‘లో బ్యాటరీ’ అని వస్తోంది. మొన్న కరెంటు పోతే టకటకమని ఆగిపోయింది, సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీ కొని రెండేళ్లే అయింది, మెకానిక్ మాత్రం మార్చేయాలంటున్నాడు. మార్చాల్సిందేనా?

జవాబు: అప్పుడే డబ్బు పెట్టకండి. జనరేటర్ నెలల తరబడి ఊరికే ఉన్నా దాని కంట్రోలర్ రాత్రీపగలూ బ్యాటరీని కొద్దికొద్దిగా వాడుకుంటూనే ఉంటుంది, ఆ లోటు పూడ్చేది ఇంటి కరెంటుతో నడిచే చిన్న చార్జర్. అది పోయి ఉంటే కొత్త బ్యాటరీ కూడా ఇలాగే పడుకుంటుంది.

ముందు స్విచ్‌ని ‘ఆటో’ నుంచి ‘ఆఫ్’కి తిప్పండి. ఇది మరిచిపోతే మీ చెయ్యి లోపల ఉండగానే ఇంజన్ స్టార్ట్ కావచ్చు. చార్జర్‌కి కరెంటు ఉండగా బ్యాటరీ మీద మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెడితే, 12 వోల్టుల బ్యాటరీ అయితే 13కి పైన, సుమారు 13.5 చూపించాలి. 12.5 దగ్గరే ఉండిపోయిందంటే చార్జింగ్ జరగడం లేదనే నా అనుమానం. చాలాసార్లు చార్జర్ ఫ్యూజ్ పోవడమో, దాని బ్రేకర్ పడిపోవడమో ఉంటుంది. ఫ్యూజ్ వేసిన వెంటనే మళ్లీ పోతే ఇక ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

చార్జింగ్ బాగానే ఉంటే, చార్జర్ ఆపి కొన్ని గంటలాగి మళ్లీ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం. అయితే ఈ అంకె చూసి పూర్తిగా నమ్మేయకండి, అసలు సంగతి లోడ్ పడ్డప్పుడే, అంటే బ్యాటరీ ఇంజన్‌ని తిప్పాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. ఇంకొకరిని స్విచ్ ‘మాన్యువల్’కి తిప్పి స్టార్ట్ చేయమని మీరు మీటర్ చూడండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీలో దమ్ము లేదు. పడిపోకుండానే ఇంజన్ బద్ధకంగా తిరుగుతుంటే కనెక్షన్లు చూడాలి. మీటర్ వైర్ల చివరనుండే పుల్లల్లో ఒకటి బ్యాటరీ సీసం పోస్టు నెత్తిన, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంప్ మీద ఆనించి స్టార్ట్ చేయించండి. రెండూ అతుక్కునే ఉన్నాయి కాబట్టి సున్నాకి దగ్గరగా రావాలి, అర వోల్టు వచ్చిందంటే మధ్యలో చిలుము పట్టినట్టే. పైకి శుభ్రంగా కనిపించినా క్లాంప్ విప్పితే లోపల నల్లటి పొర ఉంటుంది, దాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి బిగించండి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ ఆఖరున. పక్కన నిప్పురవ్వ ఉండకూడదు, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, పూర్తిగా చార్జ్ చేశాక కూడా 9.6 కింద పడుతుంటే మీ మెకానిక్ చెప్పిందే కరెక్ట్. ఎక్కువ వేడిలో ఉన్న బ్యాటరీ రెండేళ్లకే పోవడం వింతేమీ కాదు.