మ్యాథ్స్ తీసుకున్న మా మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. అవీ ఇవీ మాట్లాడి, పెట్టేసే ముందు నువ్వు కాలేజీలో మ్యాథ్స్ తీసుకున్నావనీ, మొదటి సెమిస్టర్‌లోనే వెక్టర్లు, మ్యాట్రిక్సులు, ఇంటిగ్రేషన్ మూడూ ఉన్నాయనీ చెప్పాడు. ఆ తర్వాత నాకు నిద్ర పడితే ఒట్టు. మనింట్లో నా తర్వాత ఆ పుస్తకాలు పట్టినవాళ్లు లేరు. నువ్వు పట్టావంటే గుండె నిండిపోయింది. అది నిండిన కాసేపటికే నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చి భయం వేసింది. తెల్లవారకముందే లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

అందరూ చెప్పే మాటలు ముందే చెప్పేస్తాను. క్లాసు మానకు. ఏ రోజు లెక్కలు ఆ రోజే చెయ్యి. పుస్తకం తెరిచి పెట్టుకుని చూసిన లెక్క నీది కాదు, మూసి చేసిందే నీది. ఇంటిగ్రేషన్‌లో పోయే మార్కుల్లో చాలావరకు ఇంటిగ్రేషన్ వల్ల పోవు, మైనస్ గుర్తుల వల్ల, భిన్నాల వల్ల, త్రికోణమితి సూత్రాల వల్ల పోతాయి. సెలవుల్లో ఆ మూడూ తిరగేసుకో.

వెక్టర్లు నీకు తేలిగ్గానే వస్తాయి. మా రోజుల్లో సదిశలు అనేవాళ్లం. పొడవూ దిశా ఉన్న బాణం అనుకుంటే సగం పని అయిపోయినట్టే. డాట్ ప్రొడక్ట్ రెండు బాణాలు ఎంతవరకు ఒకే వైపు చూస్తున్నాయో చెబుతుంది, క్రాస్ ప్రొడక్ట్ అవి ఎంత విడిపోయాయో చెబుతుంది. క్రాస్ ప్రొడక్ట్ దిశ కోసం కుడిచేతి నియమం (వేళ్లను మొదటి బాణం నుంచి రెండోదాని వైపు ముడిస్తే బొటనవేలు చూపేదే దిశ) వాడేటప్పుడు కలం కింద పెట్టు. పరీక్ష హాల్లో కుడిచేతిలో కలం ఉంటుంది, తొందరలో ఎడమచెయ్యి తిప్పి చూసుకుంటాం, గుర్తు తారుమారవుతుంది. నేను పేపర్లు దిద్దిన ఏళ్లలో ఈ ఒక్క తప్పుకే ఎంతమంది పిల్లలు మార్కులు పోగొట్టుకున్నారో.

ఇక నిన్న రాత్రి నన్ను నిద్రపోనివ్వని సంగతి.

డిగ్రీ అవగానే నేను ఒక సర్వే ఆఫీసులో లెక్కలు కట్టే పనిలో చేరాను. అప్పటికి కంప్యూటర్లు మా దాకా రాలేదు. గుణకారాలను తేలిక చేసే లాగరిథమ్ టేబుల్సు, కాగితం, పెన్సిలు, అంతే. ఫీల్డులో వాళ్లు కోణాలు కొలిచే పరికరం థియోడలైట్‌తో రెండు చోట్ల నుంచి ఒకే గుర్తును చూసి కోణాలు రాసుకొచ్చేవాళ్లు. ఒక్కో చోటు నుంచి ఒక్కో గీత. ఆ రెండు గీతలూ కలిసే చోటే ఆ గుర్తు. అంటే రెండు సమీకరణాలు, రెండు తెలియని విలువలు. అలాంటివాటిని సాధించే క్రేమర్ నియమం నాకు కంఠతా వచ్చు. డిటర్మినెంట్ (తెలియని విలువల ముందున్న నాలుగు అంకెలను ఏటవాలుగా గుణించి తీసివేస్తే వచ్చే సంఖ్య) కట్టడం, భాగించడం, జవాబు రాయడం. కాలేజీలో ఆ లెక్కలు చెయ్యడంలో నాకంటే వేగంగా ఇంకెవరూ లేరు.

ఒకరోజు వచ్చిన కొలతల్లో, చూసిన రెండు చోట్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, గుర్తు మాత్రం చాలా దూరంలో ఉంది. ఆ మాట కాగితం మీద స్పష్టంగానే ఉంది. నేను పట్టించుకోలేదు, అంకెల మీదే పడ్డాను. డిటర్మినెంట్ చాలా చిన్న సంఖ్య వచ్చింది. సున్నా అయితే ఒకే జవాబంటూ ఉండదు, సున్నా కాకపోతే ఉంటుంది, నాకు చదువు నేర్పింది అంతే. సున్నా కాదు కదా అని భాగించేశాను.

జవాబు ఎందుకో తృప్తిగా అనిపించక మళ్లీ చేశాను. ఈసారి మధ్యలో ఒక అంకెను ఇంకో స్థానం దాకా ఉంచాను. వేరే జవాబు వచ్చింది. కాస్త తేడా కాదు, పూర్తిగా వేరే చోటు. రెండు జవాబులనూ మొదటి సమీకరణాల్లో పెట్టి సరిచూస్తే రెండూ దాదాపు సరిపోతున్నాయి! అక్కడ ఆగి ఎవరినైనా అడగాల్సింది. చేరి నెల కూడా కాలేదు, ఆ గదిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే, అడిగితే లెక్క రాదనుకుంటారని భయం. అంకెలు కుదురుగా ఉన్న జవాబును ఫెయిర్ చేసి ఇచ్చేశాను.

మనుషులు ఆ చోటికి వెళ్లి మేకు పాతారు. దాన్ని పట్టుకుని మూడు రోజులు ఎండలో గుంటలు తవ్వారు. మూడో రోజు సాయంత్రం ఇంకో వైపు నుంచి కొలిస్తే ఎక్కడా పొంతన కుదరలేదు. గుంటలన్నీ పూడ్చి, వేరే చోట మళ్లీ తవ్వారు.

మా సీనియర్ ఒకాయన నన్ను పిలిచి ఒక్క మాట కూడా అనలేదు. తెల్లకాగితం మీద నా రెండు గీతలనూ స్కేలు పెట్టి గీసి నా ముందుకు తోశారు. అవి కలిసే చోటు చుక్కలా లేదు. ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు చాలా దూరం కలిసే నడిచాయి. ఆ పొడవునా ఎక్కడ వేలు పెట్టి ఇదే చోటు అన్నా నమ్మేట్టు ఉంది. ఆ తర్వాత ఆయన చెప్పిన నియమం సర్వే చదివిన ప్రతివాళ్లకీ తెలుసు: త్రిభుజంలో ఏ కోణమూ 30 డిగ్రీలకు తగ్గకూడదు, 120 దాటకూడదు. నాకు తెలీదు. బొమ్మ గీసి ఉంటే ఏ నియమం తెలియకపోయినా తెలిసేది.

నువ్వూ ఒకసారి చేసి చూడు. చదివి వదిలెయ్యకు, కాగితం తీసుకో. మొదటి సమీకరణం: ఎక్స్ ప్లస్ వై ఈక్వల్స్ 2. రెండోది: ఎక్స్ ప్లస్ 1.01 వై ఈక్వల్స్ 2.01. జవాబు ఎక్స్ 1, వై 1. ఇప్పుడు ఆ 2.01ని 2 అని సవరించి మళ్లీ చెయ్యి. ఎక్స్ 2 అవుతుంది, వై సున్నా అవుతుంది. కదిలించింది వందో వంతు, జవాబు మొత్తం లేచిపోయింది. ఆ తప్పు జవాబును అసలు సమీకరణాల్లో పెట్టి చూడు. మొదటిది ఖచ్చితంగా సరిపోతుంది, రెండోదానికి తేడా 0.01 మాత్రమే. సరిచూసుకున్నానని నేను గుండెల మీద చెయ్యి వేసుకున్నది ఇలాంటి సరిచూపును నమ్మే. పక్కనే ఇంకో జత చెయ్యి: ఎక్స్ ప్లస్ వై 2, ఎక్స్ మైనస్ వై సున్నా. ఆ సున్నాను 0.01 చేస్తే ఎక్స్ 1.005, వై 0.995. ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ గీతలు లంబంగా కోసుకుంటున్నాయి.

డిటర్మినెంట్ అంటే నాకు కాలేజీలో ఎవరూ చెప్పనిది ఇదే. ఎక్స్, వైల ముందున్న అంకెల రెండు వరుసలనూ రెండు వెక్టర్లుగా గీస్తే వాటి మధ్య ఏర్పడే సమాంతర చతుర్భుజం వైశాల్యం అది, ప్లస్ మైనస్ గుర్తుతో సహా. మొదటి జతలో ఆ వైశాల్యం 0.01. బాణాల మధ్య కోణం మూడో వంతు డిగ్రీ కూడా లేదు. చతుర్భుజం నలిగిపోయి గీతలా అయింది. అయితే డిటర్మినెంట్ చిన్నదైనంత మాత్రాన భయపడకు, బాణాలే పొట్టివైనా వైశాల్యం చిన్నదే వస్తుంది. కోణం చూడు. కోణం చెప్పడానికి నీ దగ్గర డాట్ ప్రొడక్ట్ ఉంది. చూశావా, వెక్టర్ల పాఠం, మ్యాట్రిక్సుల పాఠం వేరువేరు అధ్యాయాల్లో వేసినా ఇక్కడ రెండూ ఒకటే. నాకు ఇది తెలియడానికి మూడు రోజుల పాటు ఎవరో ఎండలో గుంటలు తవ్వాల్సి వచ్చింది. వాళ్ల ముఖాలు నాకిప్పటికీ గుర్తే.

నీ కాలంలో ఈ లెక్కలన్నీ మెషీన్ క్షణంలో చేసిపెడుతుంది. అందుకే నా భయం ఎక్కువైంది. నాకు రెండు జవాబులు రావడం వల్ల కనీసం అనుమానమైనా కలిగింది. నీకు ఒకటే వస్తుంది, పది దశాంశాలతో. మెషీన్ వాడొద్దని నేను అనను. దానికి లెక్క ఇచ్చే ముందు గీతలు గీసుకో. ముతకగా గీసినా చాలు.

మ్యాట్రిక్సుల్లో ఇంకొక్క సంగతి చెప్పి వదిలేస్తాను: గుణకారంలో వరుస మార్చకూడదు. సూత్రంగా చదివితే రెండు రోజుల్లో మర్చిపోతావు. ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని ముందు నీ వైపుకి తొంభై డిగ్రీలు వంచి, తర్వాత కుడివైపుకి తిప్పు. మళ్లీ మొదటికి వచ్చి ముందు కుడివైపుకి తిప్పి, తర్వాత వంచు. అట్ట ఒక్కోసారి ఒక్కో వైపు చూస్తుంది. మ్యాట్రిక్స్ చూడ్డానికి అంకెల పట్టికే, నిజానికి అలాంటి ఒక కదలిక, రెంటిని గుణించడమంటే ఒకదాని తర్వాత ఒకటి చెయ్యడం. అది తెలిస్తే, చేసినదాన్ని వెనక్కి తిప్పే ఇన్వర్స్‌లో వరుస ఎందుకు తిరగబడుతుందో కూడా వేరే చదవక్కర్లేదు. వరుస మారితే గుణకారం మారుతుందన్నది మొదట్లో పెద్దవాళ్లకే మింగుడుపడలేదు. ఐర్లండ్ గణిత శాస్త్రజ్ఞుడు హామిల్టన్ ఏళ్ల తరబడి కొట్టుకుని, 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తుంటే ఆ సంగతి తట్టిందట, వెంటనే అక్కడి వంతెన రాతి మీద చెక్కేశాడట. మ్యాట్రిక్సుల గుణకారాన్ని ఇంగ్లండ్ గణిత శాస్త్రజ్ఞుడు కేలీ 1858లో పద్ధతిగా రాసిపెట్టాడు. నీకు ఒక్క వారంలో ఒంటబట్టకపోతే కంగారు పడకు తల్లీ.

ఇంటిగ్రేషన్ దగ్గర మన పిల్లలందరూ ఒకే పని చేస్తారు, రకాలుగా విడగొట్టి బట్టీ పెడతారు. ఈ రూపం వస్తే ఈ ప్రతిక్షేపణ (ఎక్స్ బదులు ఇంకో అక్షరం పెట్టడం), ఆ రూపం వస్తే పాక్షిక భిన్నాలు. నేనూ అదే చేశాను. పరీక్షకి సరిపోతుంది, కాదనను. ఇంటిగ్రేషన్‌కి రాసే ఆ పొడుగు గుర్తు మాత్రం లాటిన్‌లో మొత్తం అనే మాటకి మొదటి అక్షరం. జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు లైబ్నిజ్ 1675లో దాన్ని సాగదీసి రాశాడు. నువ్వు చేసేది కూడిక. సన్నని ముక్కలు కూడుతున్నావు. ఆ ఒక్కటీ మర్చిపోకపోతే ఈ తప్పు చెయ్యవు: ఒకటి బై ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ 1 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చెయ్యమంటే, సూత్రం వేసి హద్దులు పెడితే మైనస్ 2 వస్తుంది. ఆ వక్రం ఎక్కడా కిందికి దిగదు. అన్నీ ధన ముక్కలే కూడితే రుణ మొత్తం ఎలా వచ్చింది? సున్నా దగ్గర ఆ వక్రం ఆకాశానికి లేచిపోతుంది, సూత్రం అక్కడ చెల్లదు, అసలు ఆ వైశాల్యానికి అంతే లేదు. ప్రతి జవాబు కిందా అడుగు: ఇది ధనమా రుణమా, ఉజ్జాయింపుగా ఎంత ఉండాలి? అర నిమిషం పని.

హద్దులు లేని ఇంటిగ్రల్ (అనిశ్చిత సమాకలని) అయితే జవాబును డిఫరెన్షియేట్ చేసి చూసుకో, ఇంటిగ్రేషన్‌లో దేవుడిచ్చిన వరం అది. ప్రతిక్షేపణ చేస్తే హద్దులూ మార్చు. కొన్నిటికి ఎంత తలబాదుకున్నా నీకు తెలిసిన ఫంక్షన్లలో జవాబు రాదు. ఈ టు ది పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్ అలాంటిదే. అది నీ చేతకానితనం కాదు, అలాంటి జవాబు లేదని నిరూపించి ఉంది. అయినా దాన్ని అటు అనంతం నుంచి ఇటు అనంతం దాకా కూడితే చక్కగా రూట్ పై (√π) వస్తుంది. దాని రుజువు నీకు తర్వాత చెబుతారు. చెప్పిన రోజు నాకు ఫోన్ చెయ్యి, ఆ రుజువు ఇంకొకరి నోట విని చాలా కాలమైంది.

ఇంకొక్కటి అంటాను, కోప్పడ్డాననుకోకు. చిన్నప్పుడు నీకు ఏదైనా చెబితే అర్థం కాకపోయినా ఊఁ ఊఁ అనేదానివి, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని. నేను చూశాను, చూసి మురిసిపోయాను కూడా, అప్పుడే దిద్దాల్సింది. ఇక్కడ ఆ ఊఁ పనికిరాదు. బోర్డు మీద మూడో లైను నుంచి నాలుగో లైను ఎలా వచ్చిందో తెలియకపోతే చెయ్యి ఎత్తు. అందరూ రాసుకుంటున్నా సరే, నువ్వొక్కదానివే అయినా సరే. ఆ రోజు ఆ గదిలో నేను లేచి, అయ్యా నాకు రెండు జవాబులు వచ్చాయి, ఏది నమ్మను అని అడిగి ఉంటే ఆయన పెన్సిలు తీసి అప్పుడే గీసి చూపించేవారు. అడగడానికి ఐదు నిమిషాలు పట్టేది. నాకు ఆ ధైర్యం లేకపోయింది. నీకు ఉండాలని రాత్రంతా అదే కోరుకుంటూ కూర్చున్నాను.

క్లాసులో అడగలేకపోయిన రోజు నన్ను అడుగు. ఎంత చిన్నదైనా, ఎంత రాత్రయినా. నాకు ఇప్పుడు లెక్క నెమ్మదిగా సాగుతుంది, అయినా సాగుతుంది. పైన రాసిన రెండు జతల గీతలూ గీసి ఫోటో తీసి పంపించు. స్కేలుతో గీయి. మొదటి జత ఎక్కడ కలుస్తుందో నీకు కనిపించిన చోట చుక్క పెట్టి మరీ పంపు.

నీ మేనత్త