క్రిస్మస్ ఇల్లు, చిన్నపిల్లలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో క్రిస్మస్ ప్రశ్నలే ఎక్కువ. వాటి వెనకున్న ఇబ్బంది దాదాపు ఒకటే. పండగ పనులన్నీ పెద్దవాళ్ల లెక్కలో పెట్టుకుంటాం, ఇంట్లో తిరిగేదేమో రెండేళ్లవాడు. పిల్లల చేతికి ఇవ్వదగిన పని ఏది, వాళ్లకి అందకుండా పెట్టాల్సింది ఏది అన్నది ముందే తేల్చుకుంటే సగం చికాకు తగ్గుతుంది.

ప్రశ్న: మా బాబుకి 14 నెలలు, ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. 4 అడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు తెచ్చి పెడితే ఆ రోజే రెండుసార్లు లాగి పడేశాడు. సీరియల్ బల్బులు చుట్టాలంటే భయంగా ఉంది. ఈ ఏడాదికి చెట్టు మానెయ్యమంటారా? (ఒక తల్లి, మల్కాజిగిరి)

జవాబు: మానక్కర్లేదమ్మా. చెట్టు పడిపోవడానికి వాడి అల్లరికన్నా దాని కాళ్లే కారణం. ఆ చెట్లకి మడిచే సన్నటి కాళ్లుంటాయి. బరువంతా పైన, పట్టు మాత్రం అడుగున జానెడు. కాళ్లు తీసేసి, కాండాన్ని 10 లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాలో నిలబెట్టి చుట్టూ ఇసుక కూరండి. నిండితే 15 కిలోల దాకా తూగుతుంది. డబ్బా మూతి మీద పాత చీరముక్క బిగించి కట్టండి, లేకపోతే ఇసుక వాడి నోట్లోకి చేరుతుంది. తర్వాత కాండం సగం ఎత్తులో నైలాను దారం కట్టి, ఒక కొస కిటికీ గ్రిల్‌కి, ఇంకో కొస వేరే వైపు మేకుకి లాగి కట్టండి. ఒకే వైపు కడితే చెట్టు పక్కకి తిరిగి పడుతుంది. చెట్టుని బల్ల మీద పెట్టడం మాత్రం వద్దు. పిల్లలు బల్లగుడ్డ పట్టుకుని లాగుతారు.

కింది రెండున్నర అడుగుల్లో గుడ్డతో కుట్టిన నక్షత్రాలు, అట్టముక్కలు కట్టండి. వాడు పీకుతాడు, మళ్లీ కడతారు, అదే వాడి ఆట. గాజు బంతులు, కొరికితే ముక్కలయ్యే థర్మోకోల్ ఉండలు పై కొమ్మలకే. ఇనుప కొక్కేల బదులు దారం ముడులు వాడండి.

ఇక సీరియల్ బల్బులు. పాత రకం సెట్లో 6 వోల్టుల బల్బులు 40 దాకా ఒకే వరసలో ఉంటాయి. ఇంటి కరెంటు 230 వోల్టులు వాటన్నిటి మధ్యా పంచుకుపోతుంది. ఒక్కటి మాడితే వరసంతా ఆరిపోతుంది. అప్పుడు చాలామంది మాడిన బల్బు తీసేసి తీగలు మెలిపెడతారు. ఒకటీ రెండూ అయితే తేడా తెలియదు. ఐదారు చోట్ల అలా చేస్తే మిగిలిన బల్బుల మీద వోల్టేజి పెరిగి వేడెక్కుతాయి, పక్కనే ప్లాస్టిక్ ఆకులు. పైగా మెలిక మీద చుట్టిన టేపు ఊడితే అది నేరుగా ఇంటి కరెంటు పారే తీగే. అతుకులున్న సెట్‌ని మొహమాటం లేకుండా పారెయ్యండి. అడాప్టరుతో పనిచేసే తక్కువ వోల్టేజి ఎల్ఈడీ సెట్ కొనండి. అడాప్టరు మీద అవుట్‌పుట్ అని రాసినచోట వోల్టుల (V) అంకె 30 దగ్గరో అంతకన్నా తక్కువో ఉండాలి. ప్లగ్గు పిల్లవాడికి అందని బోర్డుకే పెట్టండి, నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. గదిలో పెద్దవాళ్లు లేనప్పుడు, రాత్రి పడుకునేముందు ఆపెయ్యండి.

మీరు అడగలేదు కానీ అన్నిటికన్నా భయపడాల్సింది బిళ్ల బ్యాటరీకి. పాడే శాంతా బొమ్మలు, మిణుకుమనే క్యాండిళ్లు, పాట వినిపించే గ్రీటింగ్ కార్డులు, అన్నిట్లోనూ అవే. గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవడం మొదలవుతుంది. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మ ఏదీ ఇంట్లోకి రానివ్వకండి. మింగాడని అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఆగకుండా ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించకూడదు, అన్నం నీళ్లు పెట్టకూడదు. బిడ్డకి ఏడాది దాటి, మింగి 12 గంటలు కాకపోతే, మింగగలుగుతుంటే, దారిలో 10 నిమిషాలకోసారి 2 చిన్న చెంచాల తేనె ఇవ్వొచ్చు, 6 సార్లకి మించకుండా. తేనె కోసం వెతుకుతూ బయల్దేరడం ఆలస్యం చేయకండి. ఏడాదిలోపు పిల్లలకి తేనె ఇవ్వనే కూడదు.

ప్రశ్న: గులాబీ పువ్వులు వండుతుంటే ఒక్కోసారి పిండి అచ్చుకి పట్టదు, పట్టినప్పుడు వదలదు. కొత్త అచ్చు కొన్నా అంతే. మా ఆరేళ్ల పాప నేనూ చేస్తానని స్టవ్ దగ్గరే నిలబడుతుంది. (పాఠకురాలు, బొల్లారం)

జవాబు: కొత్త అచ్చుతోనే చిక్కు ఎక్కువ. కడిగి, తడి లేకుండా తుడిచి, నూనెలో ముంచి సన్న సెగ మీద 10 నిమిషాలు కాచండి. స్టవ్ కట్టేసి, రాత్రంతా ఆ నూనెలోనే వదిలెయ్యండి. అప్పటికీ మొదటి రెండు మూడు పువ్వులు చెడతాయి, అది మామూలే. కొనేటప్పుడు చేతికి బరువుగా తగిలే అచ్చు తీసుకోండి. పల్చటి అల్యూమినియం అచ్చు పిండిలో ముంచగానే చల్లబడిపోతుంది.

కొలతలు ఇవీ. మైదా 1 కప్పు, బియ్యప్పిండి అర కప్పు, పంచదార పొడి అర కప్పుకి కాస్త తక్కువ, గుడ్డు 1, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, చెంచా నువ్వులు, కలపడానికి చిక్కటి కొబ్బరిపాలు సుమారు 1 కప్పు. పిండి దోశ పిండికన్నా కొంచెం పలుచగా ఉండాలి. గరిటె వెనక్కి అంటుకుని, వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. జల్లించి, ఉండలు లేకుండా కలిపి అరగంట నాననివ్వండి. పంచదార తీపి కోసం ఇంకొంచెం వేద్దామనిపిస్తుంది, వేయకండి. పంచదార ఎక్కువైతేనే పువ్వు అచ్చుని పట్టుకుని మాడుతుంది.

మూకుడులో అచ్చు పూర్తిగా మునిగేంత నూనె ఉండాలి. చుక్క పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి కానీ వెంటనే ఎర్రబడకూడదు. మొదటిసారి అచ్చుని నూనెలో 3, 4 నిమిషాలు ఉంచి, బయటికి తీసి నూనె కార్చి, పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచండి. సుయ్యిమని చప్పుడు రావాలి. రాకపోతే అచ్చు చల్లగా ఉన్నట్టు, పిండి జారిపోతుంది. ముంచగానే పిండి ఉడికి గిన్నెలోనే ఊడిపోతే అచ్చు మరీ కాలినట్టు. పిండి అచ్చు పైఅంచు దాటి మూసుకుపోయిందంటే ఇక వదలదు, గీకి తీయాల్సిందే. మీ రెండో కష్టానికి చాలావరకు కారణం ఇదే అయ్యుంటుంది. నూనెలో అడుగు తగలకుండా పట్టుకుంటే అర నిమిషంలోపు అంచులు విడతాయి. అప్పుడు మెల్లగా ఆడించండి, లేదా పుల్లతో ఒక్క చోట తోయండి. ప్రతి పువ్వుకీ మధ్య అచ్చు నూనెలోనే ఉండాలి.

పది ఇరవై అయ్యాక వేడి అచ్చు తగిలీ తగిలీ గిన్నెలో పిండి చిక్కబడుతుంది. చెంచాడు కొబ్బరిపాలు పోసి మళ్లీ కలపండి. మర్నాటికి మెత్తబడ్డాయంటే పిండి చిక్కగా ఉందనో, వేడి ఆరకుండా డబ్బాలో వేశారనో అర్థం.

పాపకి స్టవ్ పని కాకుండా, అంతే గొప్పగా అనిపించే పని ఇవ్వండి. అది కల్‌కల్స్. మైదా 2 కప్పులు, కాచిన నెయ్యి 2 పెద్ద చెంచాలు, పంచదార పొడి పావు కప్పు, ఉప్పు, పాలు పోసి పూరీ పిండిలా గట్టిగా కలపండి. గోళీ అంత ఉండ తీసి, ఫోర్కు వెనక వైపు గానీ కొత్త దువ్వెన మీద గానీ బొటనవేలితో అదిమి గవ్వలా చుట్టాలి. ఆరేళ్ల వేళ్లకి సరిగ్గా కుదిరే పని. చివర అంచు నొక్కి అతికించడం నేర్పండి, లేకపోతే నూనెలో విచ్చుకుంటాయి. పాప చుట్టినవన్నీ తడిగుడ్డ కప్పి ఉంచి, తను పడుకున్నాక మీరు వేయించండి. పొద్దున డబ్బా తీసి తను చుట్టిన వంకర గవ్వని గుర్తుపట్టడం పిల్లలకి ఎంత ఇష్టమో చెప్పలేం. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే ఈ గట్టి గవ్వలు వాళ్లకి ఇవ్వకండి. కేకుల్లోని జీడిపప్పు, బాదం కూడా ఐదేళ్లలోపు వాళ్లకి గింజలుగా వద్దు, పొడి చేసి వేయండి.

ప్రశ్న: మేం హిందువులం. కింది ఫ్లోర్ వాళ్ల పిల్లలు చెప్పారని మా ఐదేళ్ల బాబు శాంతా మనింటికీ వస్తాడా అంటున్నాడు. ఏం చెప్పాలి? (ఒక తండ్రి, కూకట్‌పల్లి)

జవాబు: నిజం దగ్గరగా ఉండండి. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీ ఉన్న చోట, మైరా అనే ఊళ్లో నికొలాస్ అనే బిషప్ ఉండేవాడని, పేదలకి గుట్టుగా సాయం చేసేవాడని చెబుతారని, డిసెంబరు 6న ఆయన్ని తలుచుకుంటారని, ఆ పేరు మీదే ఇప్పుడు ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లలకి కానుకలు పెడతారని చెప్పండి. ఐదేళ్లకి అది చక్కగా అర్థమవుతుంది. కింది ఇంటి పిల్లలు శాంతాని నమ్ముతుంటే వాళ్ల దగ్గర ఈ సంగతి ఎత్తొద్దని కూడా చెప్పండి. అల్లరి చేస్తే శాంతా రాడని బెదిరించడం మాత్రం వద్దండి. ఏ తప్పుకి కానుక పోతుందో తెలియక పిల్లలు నిజంగా దిగులుపడతారు. 25న వాళ్లింటికి బాబు చేత పళ్లు పంపించండి. సంక్రాంతికి అరిసెల డబ్బా వాడే మోసుకెళ్తాడు.

ప్రశ్న: 24 రాత్రి ఆరాధనకి మా అత్తగారింట్లో అందరూ వెళ్తారు. మాకు 3 ఏళ్ల పాప, 6 నెలల బాబు. బండి మీద సికింద్రాబాద్ దాకా వెళ్లాలి. మర్నాడు మెదక్ కూడా అనుకుంటున్నారు. (పాఠకురాలు, ఉప్పల్)

జవాబు: నలుగురూ బండి మీద అన్నది ముందు కొట్టెయ్యండి. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం నాలుగేళ్లలోపు పిల్లల్ని, నడిపే మనిషికి కలిపి బిగించే హార్నెస్‌తోనే ఎక్కించుకోవాలి. 9 నెలలు దాటితే హెల్మెట్, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆరు నెలల బాబుకి సరిపడే హెల్మెట్టే ఉండదు. క్యాబ్ పెట్టుకోండి, లేదా 25 ఉదయం ఆరాధనకి వెళ్లండి. నగరంలో చాలా చర్చిల్లో రెండూ ఉంటాయి. పసిబిడ్డతో అర్ధరాత్రి రాకపోతే భక్తి తగ్గినట్టు కాదు, అత్తగారికి ఆ మాట మీ వారి చేత చెప్పించండి.

వెళ్లేట్టయితే పాపని మధ్యాహ్నం 3 నుంచి రెండు గంటలు పడుకోబెట్టండి. రాత్రి 7 కల్లా అన్నం, 8కి మళ్లీ నిద్ర, బయల్దేరేముందు లేపడం. డిసెంబరు చివర్లో రాత్రి చలి 13, 14 డిగ్రీల దాకా దిగడం మామూలే, శివార్లలో ఇంకా తక్కువ. మందపాటి స్వెట్టరు ఒక్కటి కాకుండా, నూలు బనియను, పొడుగు చేతుల చొక్కా, పల్చటి స్వెట్టరు, టోపీ ఇలా పొరలుగా వేయండి. జనం మధ్య వేడెక్కితే ఒక్కో పొర తీయొచ్చు. బాబుకి చలేస్తోందో చెమటపోస్తోందో మెడ వెనక చెయ్యి పెడితే తెలుస్తుంది, చేతులు, పాదాలు పట్టుకుని చూస్తే తెలియదు. డ్రమ్ములు, సౌండ్ బాక్సులు ఉన్న వైపు కూర్చోకండి, వెనక తలుపు దగ్గర బల్ల చూసుకోండి.

క్యాండిళ్లు వెలిగించే వేళ చేతిలో బిడ్డ ఉంటే మీరు క్యాండిల్ పట్టుకోవద్దు. నెట్ గౌన్లు, నాటకానికి కట్టే దేవదూత రెక్కలు అంటుకుంటే క్షణంలో కరిగి ఒంటికి పడతాయి. అంటుకుంటే పరిగెత్తనివ్వకుండా పడుకోబెట్టి, మందపాటి గుడ్డ చుట్టి ఆర్పండి. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. టూత్‌పేస్టు, సిరా, ఐసు పెట్టకండి. పసిపిల్లలకి ఎంత చిన్న గాయమైనా డాక్టరుకి చూపించాలి.

మెదక్ మాటకొస్తే, అక్కడి పెద్ద చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. క్రిస్మస్ రోజున ఇసుక వేస్తే రాలనంత జనం. నగరం నుంచి 100 కిలోమీటర్ల దారి. ఇద్దరు చిన్నవాళ్లతో ఆ రోజు వెళ్లమని మేం చెప్పలేం. జనవరిలో ఒక మామూలు రోజు వెళ్తే రంగు అద్దాల కిటికీల ముందు పాపని తీరిగ్గా నిలబెట్టి చూపించొచ్చు. తప్పదంటే పాప మోచేతి లోపలివైపు మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి.

ప్రశ్న: క్రిస్మస్‌కి పెట్టే యేసు పుట్టిన పశువుల పాక బొమ్మకి పచ్చగడ్డి పిల్లల చేత మొలిపించాలని ఉంది. పోయినసారి సగం బూజు పట్టింది. (సండే స్కూల్ టీచర్, అబిడ్స్)

జవాబు: బూజు నీళ్లు ఎక్కువై వస్తుంది. అడుగున చిల్లులు పొడిచిన స్వీటు డబ్బా మూతల్లో అంగుళం మందాన మట్టి వేయించండి. పిడికెడు గోధుమలు రాత్రి నానబెట్టి, వడకట్టి, గింజ మీద గింజ పడకుండా ఒక్క వరసగా పరిపించండి. గుట్టగా పోసినచోటే బూజు మొదలవుతుంది. రెండు రోజులు తడిగుడ్డ కప్పి, మొలక కనిపించగానే తీసేసి వెలుగున్న కిటికీలో పెట్టండి. పొద్దున సాయంత్రం స్ప్రే సీసాతో పదిసార్లు నొక్కితే చాలు, నాలుగేళ్ల పిల్లలకి ఇది ఆటే. చలికి మొలక ఒకటి రెండు రోజులు వెనకబడుతుంది కాబట్టి డిసెంబరు 13, 14 తేదీల్లో వేస్తే 24కి నాలుగు వేళ్ల ఎత్తు వస్తుంది. పాక కప్పుకి ఎండుగడ్డి వాడితే దగ్గర్లో నిజం క్యాండిల్ వద్దు. జనవరి 6 దాకా పాక ఉంచేవాళ్లు క్రిస్మస్ మర్నాడు గడ్డి కొసలు కత్తిరిస్తే మళ్లీ పెరుగుతుంది, పసుపెక్కితే మూత మార్చెయ్యండి. అందుకని 20న ఇంకో రెండు మూతలు వేసి ఉంచండి.