రెండు సర్వర్లూ ‘నేనే ప్రధానం’ అంటుంటే

స్విచ్ ఆగితే రెండు సర్వర్లూ ప్రధానం (డేటాబేసు రాతలు తీసుకునేది) అయిపోతున్నాయి, ఇంకా ఖరీదైనవి కొనాలా అని అడిగారు. లోపం సర్వర్లలో లేదు, ఏది ప్రధానమో తేల్చే ఓట్ల లెక్కలో ఉంది. భీమవరం రొయ్యల ప్లాంటులో మీకున్నవి రెండే సర్వర్లు. వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్ ఆగగానే అవతలిది పడిపోయిందో, తీగ తెగిందో ఏ సర్వరూ తేల్చుకోలేదు. ఒకటి పలకకపోతే రెండోదాన్ని ప్రధానం చేసే మీ కీప్‌అలైవ్‌డీ స్క్రిప్టు రెండింటినీ ప్రధానం చేసేసింది, ఒకే లాట్ (సరుకు విడత) నంబరు రెండుసార్లు పడింది. ఇంతకంటే ఖరీదైనవి కొన్నా ఇదే జరుగుతుంది.

1. అందరూ వదిలేసేది మూడో ఓటు. ఆ స్క్రిప్టు తీసేసి, మీ డేటాబేసు పోస్ట్‌గ్రెస్ మీద, ఏది ప్రధానమో చూసుకునే పాట్రోని పెట్టండి. అది ఓట్ల కోసం ఆధారపడే ఈటీసీడీ అనే ప్రోగ్రాము మూడు యంత్రాల్లో నడవాలి. రెండింటిలోనే నడిపితే ఒకటి పోగానే మెజారిటీ పోయి, రాతలన్నీ ఆగుతాయి. మూడోదానికి మీ డేటా అక్కర్లేదు, మంచి ఎస్‌ఎస్‌డీ (డిస్కు) ఉన్న చిన్న పీసీ చాలు. అయితే దాన్ని అదే ర్యాకులో, అదే యూపీఎస్ మీద పెడితే పెట్టనట్టే! మీ పాలకొల్లు ఆఫీసులో ఉంచండి.

2. ఎస్‌ఎస్‌డీలకు పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా చేతిలో ఉన్న డేటాను రాసి ముగించే ఏర్పాటు) ఉండాలి. కొన్ని చవక రకాలు ‘రాశాను’ అంటాయి, కరెంటు పోయి వచ్చాక చూస్తే రాసి ఉండదు.

3. మెమరీలో చిన్న తప్పుల్ని తనే దిద్దుకునే ఈసీసీ ర్యామ్. సర్వరుకు రెండు పవర్ సప్లైలు, రెండూ వేర్వేరు యూపీఎస్‌లకు. స్విచ్‌లు కూడా రెండు.

4. ర్యాకును మేడ మీదకు మార్చండి. డెల్టాలో ముసురు పట్టాక నేల అంతస్తును నమ్మలేం.

5. చివరగా, పరీక్ష కోసం ప్రధాన సర్వరు నెట్‌వర్క్ తీగలన్నీ చేత్తో పీకండి. పాట్రోనిలో ప్రధానం హోదాకు డిఫాల్ట్ గడువు 30 సెకన్లు. అది ముగిశాక రెండోది ప్రధానం కావాలి, పాతది ఒక్క రాత కూడా తీసుకోకూడదు.